ట్యాంకు పొంగుతోందా? బాల్ వాల్వ్ మార్చే ముందు నీళ్లు ఏ దారిన వస్తున్నాయో పట్టుకోండి

తెల్లవారుజామున నాలుగున్నరకు పక్కింటి రేకుల మీద నీళ్లు పడే చప్పుడు వినిపిస్తే అది వాన కాదని నల్గొండలో ఇల్లున్న వాళ్లందరికీ తెలుసు. నల్లా వచ్చింది, ట్యాంకు నిండింది, పొంగుతోంది. ఆ చప్పుడు మా ఇంట్లో ఏడాదిన్నర విన్నాం. మూడుసార్లు బాల్ వాల్వ్, అదే ట్యాంకు నిండగానే నీళ్లు ఆపే బంతి వాల్వ్, మార్పించాం. మార్చిన ప్రతిసారీ పది పదిహేను రోజులు బాగానే ఉండేది, మళ్లీ మొదలయ్యేది. చివరికి తేలిందేమిటంటే ఆ మూడు వాల్వుల్లో ఒక్కదానిలోనూ తప్పు లేదు. నీళ్లు పైనుంచి పడటం లేదు, కిందినుంచి ఎక్కుతున్నాయి. ట్యాంకులోంచి వంటింటికి, బాత్రూముకు దిగాల్సిన పైపులోంచే తిరిగి ట్యాంకులోకి వస్తున్నాయి.

అలా పోయిన నీళ్లు కృష్ణా నీళ్లు. మా చిన్నప్పుడు ఈ జిల్లాలో ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు తాగి పళ్లు గారపట్టి, కాళ్లు వంకరపోయిన వాళ్లు ఊరూరా కనబడేవారు. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వాడే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ పెట్టిన పేరే నల్గొండ టెక్నిక్. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథకు పైలాన్ వేసింది కూడా మన చౌటుప్పల్‌లోనే, 2015 జూన్‌లో. అంత దూరం నుంచి, అంత ఆలస్యంగా మన గుమ్మందాకా వచ్చిన నీళ్లు స్లాబు మీదుగా మోరీలోకి పోతుంటే నాకు మనసొప్పదు. అందుకే నేను ఏడాదిన్నర తర్వాత నేర్చుకున్న వరుసను మీకు మొదటి రోజే చెబుతున్నా.

ముందు నీళ్లు ఆపండి

పొంగుతున్న ట్యాంకు దగ్గర నిలబడి కారణం వెతకొద్దు. ముందు నీళ్లు ఆగాలి.

బోరు మోటర్ నడుస్తుంటే స్టార్టర్ ఆపండి. బటన్ నొక్కినా మోటర్ చప్పుడు ఆగకపోతే స్టార్టర్‌లోని పాయింట్లు అతుక్కుపోయి ఉండొచ్చు. అప్పుడు మెయిన్ దించేయండి, స్టార్టర్ మూత తీసే పని ఎలక్ట్రీషియన్‌కు వదిలేయండి. తడి చేతులతో, తడి స్లాబు మీద నిలబడి కరెంటు డబ్బా ముట్టుకోవద్దు.

నల్లా నీళ్లయితే గేటు దగ్గర గుంతలో ఉన్న గేట్ వాల్ కట్టేయండి. మన గట్టి నీళ్లకు ఏళ్ల తరబడి తిప్పని గేట్ వాల్ గారపట్టి బిగుసుకుపోతుంది. పానా వేసి బలవంతంగా తిప్పితే లోపలి కాడ విరుగుతుంది, అప్పుడు వీధి లైనే ఆపాల్సి వస్తుంది. తిరగకపోతే వదిలేసి డాబా ఎక్కండి. ట్యాంకు మూతి మీద అడ్డంగా ఒక కర్ర పెట్టి, బాల్ వాల్వ్ కాడను తాడుతో పైకి లాగి కర్రకు కట్టండి. వాల్వ్ సగం పాడైనా ఇలా కడితే చాలామటుకు మూసుకుంటుంది.

అప్పటికీ నీళ్లు మూతలోంచి పొర్లుతుంటే కింద ఏదో ఒక నల్లా తిప్పి గోలెం, బకెట్లు, కూలర్ నింపుకోండి. మట్టం రెండు వేళ్లు దిగితే చాలు, స్లాబు తడవడం ఆగుతుంది.

ఇంటి నీళ్ల బొమ్మ ఒకటి గీయండి

ఇది దాటేసి ముందుకు పోవాలనిపిస్తుంది. దాటేయొద్దు. ఒక తెల్ల కాగితం తీసుకొని ట్యాంకును డబ్బాలా గీసి, దాంట్లోకి వచ్చే ప్రతి పైపూ, దాంట్లోంచి పోయే ప్రతి పైపూ గీయండి. పైపు గోడలోకి దూరి కనబడకుండా పోతే అవతల ఎక్కడ తేలిందో చూడండి.

మన దగ్గర ఇళ్లు ఒక్కసారి కట్టినవి కావు. ముందు బోరు, తర్వాత నల్లా, ఆ తర్వాత పై అంతస్తు, పైన కిరాయికి వచ్చిన వాళ్ల కోసం ఇంకో ట్యాంకు, మరికొన్నేళ్లకు నీళ్లు కాచే సోలార్. ఒక్కో పని ఒక్కో మేస్త్రీ చేసి పోయాడు, ముందువాడు ఏం చేశాడో తర్వాతివాడికి తెలియదు. మా ఇంట్లో వంటింటి చన్నీళ్ల నల్లాకు వీధి నల్లా నుంచి నేరుగా పైపు ఉందన్న సంగతి ఈ బొమ్మ గీసేదాకా నాకే గుర్తు లేదు. ఇల్లు కట్టినప్పుడు నేనే అడిగి పెట్టించుకున్నది అది.

బొమ్మలో మూడు విషయాలకు ఎర్ర గీత పెట్టండి. ఒకటి, వీధి నల్లా నుంచి ట్యాంకుకు పోకుండా నేరుగా ఇంట్లోకి వచ్చే పైపు. రెండు, చన్నీళ్లూ వేణ్ణీళ్లూ కలిసే ప్రతి చోటూ, అంటే మిక్సర్లు, షవర్లు. మూడు, ఒక ట్యాంకుకూ ఇంకో ట్యాంకుకూ మధ్య ఉన్న పైపు. పొంగడానికి కారణం బాల్ వాల్వో, ఆగని బోరు మోటరో కాకపోతే దాదాపు ఎప్పుడూ ఈ మూడింట్లోనే ఉంటుంది.

చాక్‌పీస్ పరీక్ష

దీనికి ఒక రాత్రి, ఒక తెల్లవారుజాము కావాలి. కావాల్సిన సామాను: గుడ్డతో తుడిచిన పొడి కర్ర, చాక్‌పీస్, టార్చి, తాడు. నిచ్చెన పట్టుకోవడానికి కింద ఒక మనిషి ఉండాలి, ఒంటరిగా ఎక్కొద్దు.

రాత్రి అందరూ పడుకునే ముందు ట్యాంకు పూర్తిగా నిండకుండా, ఓవర్‌ఫ్లో రంధ్రానికి జానెడు కింద మట్టం ఉండేట్టు చూసుకోండి. బాల్ వాల్వ్ కాడను పైకి లాగి కట్టేయండి. బోరు మోటర్ ఆపి ఉంచండి. కర్రను అడుగు తగిలేదాకా నిలువుగా ముంచి తీసి, తడి ఎంతదాకా ఉందో అక్కడ చాక్‌పీస్‌తో గీత పెట్టండి. రాత్రంతా ఎవరూ నీళ్లు వాడొద్దు.

నల్లా వచ్చే వేళకు ముందు ఒకసారి, వచ్చిన అరగంటకు ఇంకోసారి కర్ర ముంచి చూడండి. వెయ్యి లీటర్ల ట్యాంకు అడ్డంగా మీటరు పైచిలుకు ఉంటుంది, కాబట్టి మట్టం ఒక్క అంగుళం పెరిగితే ఇరవై లీటర్లకు పైనే లోపలికి వచ్చినట్టు. అర అంగుళం తేడా కూడా లెక్కలోకి తీసుకోండి.

నల్లా వచ్చినప్పుడు టార్చి వేసి బాల్ వాల్వ్ మూతిని కళ్లారా చూడండి. అక్కడ చుక్క పడుతుంటే తప్పు అక్కడే. మూతి పొడిగా ఉండి కూడా మట్టం పెరుగుతుంటే నీళ్లు కిందినుంచి వస్తున్నాయి. అప్పుడు ట్యాంకు అడుగున ఉన్న గేట్ వాల్వులను ఒక్కొక్కటిగా కట్టండి. ఏది కట్టినప్పుడు మట్టం పెరగడం ఆగుతుందో ఆ లైనులోనే దొంగ ఉన్నాడు. నల్లా రాకముందే, రాత్రికి రాత్రే పెరిగిందంటే ఇంకో ట్యాంకు నుంచి గానీ, కిందింటి ప్రెషర్ పంపు నుంచి గానీ వస్తున్నాయి.

చెయ్యి కూడా వాడండి. పొద్దు పొడవకముందే ట్యాంకు నీళ్లలో చెయ్యి పెట్టి చూడండి. మా ఇంట్లో గుట్టు బయటపడింది అలాగే. పుష్యమాసపు చలిలో ఒకనాడు పొంగిన నీళ్లు బకెట్లో పట్టి తెస్తే మా అమ్మ ముట్టుకొని, "గీ నీళ్లు గోరెచ్చగున్నయేందిరా?" అన్నది. బోరు మోటర్ ఆపి ఉండగా చలికాలం తెల్లవారుజామున డాబా మీది ట్యాంకు నీళ్లు వెచ్చగా ఉన్నాయంటే, అవి దాదాపుగా సోలార్‌లోంచి వచ్చినవే. ఎండాకాలం మధ్యాహ్నం ఈ పరీక్ష పనికిరాదు, మన పాలమూరు, నల్గొండ ఎండకు ట్యాంకు మొత్తం కాగి ఉంటుంది.

బోరూ నల్లా రెండూ ఉన్న ఇంట్లో ఇంకో సులువు ఉంది. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే చిన్న టీడీఎస్ మీటరు ఉంటే బోరు నీళ్లది, నల్లా నీళ్లది విడివిడిగా చూసి రాసుకోండి. మన దగ్గర రెండింటికీ తేడా బాగా కనబడుతుంది. పొంగిన నీళ్ల అంకె దేనికి దగ్గరగా ఉంటే అవి అక్కడివే.

తప్పు బాల్ వాల్వ్‌దే అయితే

బాల్ వాల్వ్ పని చేసేది తూకపు కాడలా. నీళ్లలో తేలే బంతి కాడను పైకి నెడుతుంది, కాడ మొదట్లో ఉన్న చిన్న పిస్టన్ వాచర్‌ను నీళ్లొచ్చే రంధ్రానికి అదిమిపెడుతుంది. బంతి ఎంత పెద్దదైతే, కాడ ఎంత పొడుగైతే అంత బలంగా అదుముతుంది. అందుకే వీధి నల్లా ఒత్తిడి ఎక్కువున్న చోట చిన్న బంతి, పొట్టి కాడ ఉన్న చౌక వాల్వ్ ఎంత కొత్తదైనా ఆగదు.

ముందు బంతి విప్పి చెవి దగ్గర ఊపండి. లోపల నీళ్ల చప్పుడు వస్తే పగులు పడ్డట్టే, బంతి ఒక్కటే మారిస్తే సరిపోతుంది. తర్వాత కాడను చేత్తో పైకీ కిందికీ ఆడించండి. బంతి ట్యాంకు గోడకో, ఇంకో పైపుకో రాసుకుంటుందేమో చూడండి. ఇది చాలామంది చూడరు. మూత పక్కకు జరిగి కాడ మీద ఆనడం కూడా జరుగుతుంది.

ఇవి రెండూ బాగుంటే పిన్ను తీసి పిస్టన్ బయటికి లాగండి. గార తెల్లగా పేరుకొని ఉంటే, ఒక గిన్నె గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల నిమ్మఉప్పు కలిపి గంటసేపు నానబెట్టి, పాత పళ్ల బ్రష్‌తో తోమండి. గీసుడు కాగితం మాత్రం వాడొద్దు, ఇత్తడి మీద గీతలు పడితే ఆ గీతల్లోంచే కారుతుంది. వాచర్ మీద రంధ్రం అచ్చు గుండ్రంగా లోతుగా పడి ఉంటే తిప్పి వేయండి, రెండో వైపు కూడా పోయి ఉంటే కొత్తది వేయండి. రంధ్రపు అంచే అరిగిపోయి ఉంటే మాత్రం వాల్వ్ మొత్తం మార్చాల్సిందే.

నీళ్లు ఆగే మట్టం ఓవర్‌ఫ్లో రంధ్రానికి కనీసం రెండు అంగుళాల కింద ఉండాలి. పైన ఉంటే ఇత్తడి కాడను రెండు చేతులతో పట్టుకొని మెల్లగా కిందికి వంచండి. ఒక చెయ్యి వాల్వ్ దగ్గర ఆనించి పట్టకపోతే ఒత్తిడి ట్యాంకు గోడ మీద పడి, అక్కడి జాయింటు కారడం మొదలవుతుంది.

సెకనుకు ఒక చుక్క కారినా రోజుకు నాలుగు లీటర్లకు పైనే పోతాయి. ఎండాకాలంలో ఒక మనిషి తాగే నీళ్లు అవి.

కిందినుంచి ఎక్కే నీళ్లు

వీధి నల్లా ఒత్తిడికి నీళ్లు ఎంత ఎత్తుకు ఎక్కుతాయన్నది లెక్క. పది మీటర్ల ఎత్తుకు ఎక్కాలంటే చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి కావాలి. ఒక అంతస్తు పైన వేసుకున్న ఇంటి డాబా మీది ట్యాంకు నేలనుంచి ఏడెనిమిది మీటర్లు ఉంటుంది. నీళ్లు వదిలిన మొదటి అరగంటలో, ఊరి పెద్ద ట్యాంకుకు దగ్గరి వీధుల్లో, ఆ ఒత్తిడి సులువుగా ఉంటుంది. అందరూ నల్లాలు తిప్పాక పడిపోతుంది. అందుకే పొంగడం ఒకనాడు ఉంటుంది, ఒకనాడు ఉండదు. రోజూ ఒకేలా పొంగితే వాల్వ్‌ను అనుమానించండి. కొన్ని రోజులే పొంగితే, అదీ నల్లా వచ్చిన మొదట్లోనే పొంగితే, ఈ దారిని అనుమానించండి.

వీధి నల్లాకు నేరుగా కలిసిన పైపు, ట్యాంకు నుంచి దిగే పైపు ఇంట్లో ఎక్కడో ఒక్క చోట కలిశాయంటే చాలు. కలిసే చోటు మూడు రకాలుగా ఉంటుంది.

మొదటిది, వంటింటికి రెండు నీళ్లూ రావాలని మేస్త్రీ రెండు పైపులూ కలిపి మధ్యలో ఒక గేట్ వాల్ పెట్టడం. నల్లా ఉన్నప్పుడు నల్లా నీళ్లు, లేనప్పుడు ట్యాంకు నీళ్లు. గార పట్టిన గేట్ వాల్ పైకి బిగుసుకున్నట్టే ఉంటుంది, లోపల సన్నగా వదులుతూనే ఉంటుంది.

రెండోది, గేట్ వాల్ బదులు ఎన్నార్వీ పెట్టడం. నీళ్లను ఒకవైపే పోనిచ్చే ఈ వాల్వ్ లోపలి రేకు కింద చిన్న ఇసుక రేణువు ఇరుక్కుంటే రెండువైపులా పోనిస్తుంది. మన నీళ్లకు దాన్ని నమ్ముకొని నిద్రపోలేం.

మూడోది మా ఇంట్లో జరిగింది. వంటింటి సింకు మీద మిక్సర్ ఉంది. దాని చన్నీళ్ల వైపు వీధి నల్లాకు నేరుగా కలిసింది, వేణ్ణీళ్ల వైపు సోలార్‌కు కలిసింది. మిక్సర్ మూతికి తర్వాతెప్పుడో ఒక చిన్న ఫిల్టర్ నల్లా బిగించారు. నీళ్లు కావాలంటే ఆ చివరి నల్లా తిప్పడం, వద్దంటే దాన్నే కట్టడం అలవాటైంది. మిక్సర్ పిడులు రెండూ తెరిచే ఉండేవి. నల్లా రాగానే ఆ ఒత్తిడి చన్నీళ్ల పిడిలోంచి మిక్సర్‌లోకి, మూతి కట్టి ఉంది కాబట్టి వేణ్ణీళ్ల పిడిలోకి, అక్కడినుంచి సోలార్‌లోకి, సోలార్‌కు చన్నీళ్లు దిగే పైపులోంచి పైకి ట్యాంకులోకి. ఎవరైనా మిక్సర్ పిడులు కట్టేసిన రోజు పొంగేది కాదు. మూడు బాల్ వాల్వులూ పది పదిహేను రోజులు బాగా పనిచేసినట్టు కనబడింది అందుకే.

ఇంగ్లండులో ఉండే మా బావమరిదికి ఈ సంగతి చెబితే అచ్చం ఇలాంటిదే తనూ చూశానన్నాడు. అక్కడి పాత ఇళ్లల్లో గదులు వెచ్చబెట్టే రేడియేటర్లకు నీళ్లిచ్చే చిన్న తొట్టి ఒకటి అటక మీద ఉంటుంది. అది పొంగుతుంటే అందరూ ముందు దాని బాల్ వాల్వ్ మారుస్తారట. కానీ వేణ్ణీళ్ల సిలిండర్ లోపల రాగి చుట్ట ఉంటుంది, దానికి సూదిమొన అంత చిల్లు పడితే, అటక మీదే ఇంకొంచెం ఎత్తున ఉన్న పెద్ద తొట్టి నీళ్లు ఆ చిల్లులోంచి దూరి చిన్న తొట్టిని నింపుతాయి. వాళ్ల చుట్ట, మన మిక్సర్ రెండూ ఒక్కటే. కలవకూడని రెండు నీళ్లు ఎక్కడో కలుస్తున్నాయి.

దీన్ని పట్టుకోవడం ఇలా. పరీక్షలో ఏ లైను కడితే ఆగిందో ఆ లైను మీదున్న మిక్సర్లు, షవర్లు, చేతి స్ప్రేలు అన్నిటి పిడులూ గట్టిగా కట్టేయండి. స్ప్రే తుపాకీ నొక్కడం ఆపితే సరిపోదు, దాని వెనక ఉన్న నల్లా కట్టాలి. మరుసటి రోజు నల్లా వచ్చినప్పుడు ఆగిందంటే ఒక్కొక్కటే తెరుస్తూ పోండి, ఒకటి దొరుకుతుంది. ఒకే పిడి ఉన్న మిక్సర్లలో లోపలి కార్ట్రిడ్జ్ అరిగినా ఇదే జరుగుతుంది, అప్పుడు పిడి కట్టినా ఆగదు. దాని కింద గోడలో ఉన్న రెండు యాంగిల్ వాల్వుల్లో ఒకటి కట్టి చూడండి.

బాగు చేయడానికి నా సలహా ఒక్కటే: విడగొట్టండి. వీధి నల్లా నీళ్లు తాగడానికి ఒక నల్లా, అది ఒంటరిగా. ట్యాంకు నీళ్లకు వేరే నల్లా. వాటి మధ్య వాల్వ్ వద్దు, ఎన్నార్వీ వద్దు, పైపే వద్దు. ఇది పొంగడం ఆపడానికి మాత్రమే కాదు. వీధి లైనులో నీళ్లు ఆగిపోయాక పైపు ఖాళీ అవుతూ వెనక్కి గుంజుతుంది. వీధిలో ఎవరైనా నల్లాకు మోటర్ పెట్టి లాగితే ఇంకా బలంగా గుంజుతుంది. అప్పుడు మీ ట్యాంకులోని బోరు నీళ్లు అదే కలిసిన చోటినుంచి వీధి లైనులోకి పోతాయి, మరునాడు పక్కింటోళ్ల బిందెలోకి వస్తాయి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. కాచినా అది పోదు. ఏ నీళ్ల నుంచి తప్పించుకోవడానికి భగీరథ తెచ్చుకున్నామో అవే నీళ్లను మన పైపు ఇంకొకరి పిల్లలకు తాగించకూడదు.

సోలార్ ఉంటే

"ఎండకు నీళ్లు ఉబ్బి పొంగుతున్నయ్ సార్" అని చెప్పేవాళ్లుంటారు. నీళ్లు కాగితే ఉబ్బే మాట నిజమే. కానీ 25 డిగ్రీల నుంచి 65 డిగ్రీలకు కాగినా పెరిగేది నూటికి రెండు పాళ్లకు లోపే. రెండు వందల లీటర్ల సోలార్‌లో అది మూడు లీటర్ల పైచిలుకు. మీ ట్యాంకులో రెండు అంగుళాల ఖాళీ ఉంటే అక్కడ నలభై లీటర్లకు చోటుంది. కాబట్టి పెద్ద ట్యాంకు పొంగడానికి సోలార్ ఉబ్బు కారణం కాదు. సోలార్ నెత్తిన చిన్న డబ్బా ట్యాంకు పెట్టిన ఇళ్లల్లో మాత్రం, దాని బాల్ వాల్వ్ అంచుదాకా నింపుతుంటే, ఆ మూడు లీటర్లకే మధ్యాహ్నం పూట కారుతుంది. డబ్బాలో మట్టం సగానికి దించితే పోతుంది.

సోలార్ ట్యాంకు పైన నిలువుగా లేచిన గాలి గొట్టం చూడండి. దాని కొస డాబా మీది ట్యాంకు పై అంచు కంటే కనీసం ఒక అడుగు ఎత్తున ఉండాలి. నీళ్లు తమ మట్టం తాము వెతుక్కుంటాయి, గొట్టం పొట్టిగా ఉంటే ట్యాంకు నిండినప్పుడల్లా దాని కొసలోంచి కారతాయి. పాత చిన్న ట్యాంకు తీసి ఎత్తు దిమ్మె మీద కొత్తది పెట్టిన ఇళ్లల్లో ఇది తరచుగా జరుగుతుంది. అదే సైజు పైపుతో గొట్టం పొడిగించండి.

ఎంత కారినా సరే ఆ గొట్టానికి మూత మాత్రం బిగించొద్దు. ఆవిరి, గాలి పోయే దారి అదొక్కటే. మూసేస్తే లోపల ఒత్తిడి పెరిగి ట్యాంకు పగలొచ్చు, వేణ్ణీళ్లు వేగంగా వాడినప్పుడు లోపల గాలి లేక ట్యాంకు లోపలికి నొక్కుకుపోవచ్చు.

కింద చన్నీళ్ల లైనుకు ప్రెషర్ పంపు ఉండి వేణ్ణీళ్లకు లేకపోతే, ఇందాక చెప్పిన మిక్సర్ కథే ఇక్కడ పంపుతో జరుగుతుంది. పంపు తోసిన చన్నీళ్లు మిక్సర్ దాటి సోలార్‌లోకి పోయి గాలి గొట్టంలోంచి దుముకుతాయి. రాత్రి ఎవరూ నీళ్లు వాడకపోయినా పంపు ఉండుండి మోగుతుంటే అది దీని గుర్తు.

సోలార్ ఖాళీ చేసి పని చేయాల్సి వస్తే తిరిగి నింపేది పొద్దు పొడవకముందే. ఎండలో ఖాళీగా కాగిన గాజు గొట్టాల్లోకి చన్నీళ్లు పోతే అవి పగిలిపోతాయి.

రెండు ట్యాంకులుంటే

ఒక ట్యాంకు పొంగుతుంటే పక్కది ఇంకా నిండకుండా ఉందా? అయితే ఏ వాల్వునూ ముట్టుకోకండి. రెండింటినీ అడుగున పైపుతో కలిపారు, రెండూ ఒకే ఎత్తులో లేవు. అడుగున కలిసిన ట్యాంకులు ఒక్క ట్యాంకే. బాల్ వాల్వ్ ఎత్తులో ఉన్న దాంట్లో ఉంటే, అది నిండి వాల్వ్ కట్టుకునే లోపే పల్లంలో ఉన్నది పొర్లిపోతుంది.

మేస్త్రీలు మట్టం చూసే సన్నని పారదర్శక పైపులో నీళ్లు నింపి, ఒక కొస ఒక ట్యాంకు ఓవర్‌ఫ్లో రంధ్రం దగ్గర, రెండో కొస రెండో దాని దగ్గర పట్టండి. తేడా ఎన్ని అంగుళాలో తెలిసిపోతుంది. బాల్ వాల్వును పల్లపు ట్యాంకులోకి మార్చడం సులువైన పని, పై ట్యాంకులో కొంత చోటు ఎప్పుడూ ఖాళీగా మిగిలిపోతుంది, అంతే. పల్లపు దాని కింద దిమ్మె కట్టి రెండింటి పై అంచులూ సమం చేయడం సరైన పని. వెయ్యి లీటర్లు నిండితే టన్ను బరువు, దిమ్మె గోడ మీదకో దూలం మీదకో రావాలి. ఉత్త స్లాబు నడిమధ్యలో కట్టించొద్దు.

మధ్య పైపు సన్నగా ఉన్నా ఇదే తంటా. ఒకటింబావు అంగుళం పైపుతో నీళ్లు పోస్తూ, రెండు ట్యాంకులనూ ముప్పావు అంగుళంతో కలిపితే మొదటిది పొంగాకే రెండోది నిండుతుంది.

బోరు మోటర్ పొంగిస్తుంటే

ఇక్కడ వెతకడానికి పెద్దగా లేదు, మోటర్ ఆగడం లేదు. బోరు లైనుకు బాల్ వాల్వ్ పెట్టి సరిపుచ్చొద్దు. సబ్‌మెర్సిబుల్ మోటర్ మూసుకున్న పైపులోకి తోస్తూ ఉంటే జాయింట్లు ఊడతాయి, మోటర్ వేడెక్కుతుంది. దానికి ట్యాంకు నిండగానే మోటర్ ఆపే ఫ్లోట్ స్విచ్ కావాలి. నీళ్లు తగిలితే ఆగే సెన్సర్ కడ్డీలు ఉన్నవాళ్లు మెయిన్ దించి కడ్డీలు తీసి చూడండి. మన నీళ్లకు వాటి మీద గార పొరలా పడుతుంది, నీళ్లు తగిలినా వాటికి తెలియదు, మోటర్ నడుస్తూనే ఉంటుంది. మూడు నాలుగు నెలలకోసారి నిమ్మఉప్పు నీళ్లలో కడగాలి.

ఓవర్‌ఫ్లో పైపు కంటికి కనబడాలి

చాలామంది దీన్ని మోరీ పైపులో కలిపేస్తారు, గోడ తడవకుండా. నేను వద్దంటాను. ఓవర్‌ఫ్లో పైపు ఉండేది నీళ్లు పోగొట్టడానికే కాదు, పోతున్నాయని మీకు చెప్పడానికి. మీరు రోజూ తిరిగే చోట, వాకిట్లోనో, తులసి కోట పక్కనో పడేట్టు పెట్టండి, పక్కింటి వైపు కాకుండా. లోపలికి వచ్చే పైపు కంటే అది లావుగా ఉండాలి. కొసకు దోమజాలి కట్టండి, ఆ జాలిలో ఆకులు, నాచు పట్టకుండా నెలకోసారి తీసి దులపండి. అది మూసుకుపోతే నీళ్లు మూతలోంచి పొర్లి స్లాబులోకి ఇంకుతాయి. కింద గదిలో సున్నం ఉబ్బి రాలేదాకా మనకు తెలియదు.

పని అంతా అయ్యాక మీరు గీసిన బొమ్మను తేటగా ఇంకోసారి గీసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి స్టార్టర్ డబ్బా తలుపు లోపల అంటించండి. ప్రతి గేట్ వాల్ మీదా అది దేనిదో పెయింటుతో రాయండి. రెండు నెలలకోసారి వాటిని ఒక్క చుట్టు తిప్పి మళ్లీ పెట్టేయండి, గార పట్టవు.

ఇక మళ్లీ నల్లా వచ్చే తెల్లవారుజామున పాత కర్ర, పాత గీతతో ఒక్కసారి డాబా ఎక్కండి. బాల్ వాల్వ్ కాడకు కట్టిన తాడు ఇంకా విప్పొద్దు. అరగంట అయినా తడి ఆ గీత దగ్గరే ఉంటే తాడు విప్పి, మూత సరిగా పెట్టి దిగి రండి.